పన్నులు తగ్గిస్తానన్న అభ్యర్థి గెలిస్తే మన ఇంటి పన్ను నిజంగా తగ్గుతుందా? (న్యూజెర్సీ గవర్నర్ ఎన్నిక, 2025)

తెనాలి_టు_ఎడిసన్

అందరికీ నమస్తే. 2004లో హెచ్1 మీద వచ్చాను, గ్రీన్‌కార్డుకే పధ్నాలుగేళ్ళు పట్టింది, ఈ మార్చిలో ప్రమాణం చేసి సిటిజన్ అయ్యాను. నవంబర్ 4న వేసేది ఈ దేశంలో నా మొదటి ఓటు. దాన్ని ఆషామాషీగా వేయదలచుకోలేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

మా ఇంటి సంగతి చెప్తాను. 2014లో కొన్నప్పుడు ప్రాపర్టీ ట్యాక్స్ ఏడాదికి 9,700 డాలర్లు. ఈ ఏడాది 12,460. ఇంటికి ఒక్క గది కలపలేదు, వంటగది కూడా కొన్నప్పటిదే. ఎస్క్రో (మన తరఫున బ్యాంకే పన్ను కట్టే ఏర్పాటు) పెట్టుకోలేదు, చెక్కు నేనే రాస్తాను, కాబట్టి ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబర్ ఒకటో తారీఖు వచ్చిందంటే మూడు వేల డాలర్ల అంకె కళ్ళ ముందుంటుంది. మొన్న నాన్నకి ఫోన్లో ఈ లెక్క రూపాయల్లో చెప్పాను, దాదాపు పదకొండు లక్షలని. ఆయన తెనాలిలో ఏటా ఏప్రిల్లోనే మున్సిపాలిటీకి వెళ్ళి మొత్తం ఏడాది పన్ను ఒకేసారి కట్టి ఐదు శాతం రాయితీ తెచ్చుకునే మనిషి. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "బ్యాంకు అప్పు తీరిపోయాక కూడా కట్టాలా?" అన్నారు. కట్టాలి నాన్నా, ఇల్లు మన పేరు మీద ఉన్నంతకాలం కట్టాలి అని చెప్పాను. అది చెప్పేటప్పుడు నాకే గుండె బరువెక్కింది.

ఇప్పుడు రిపబ్లికన్ అభ్యర్థి జాక్ చిట్టరెల్లి ప్రచారమంతా దీని మీదే. ప్రాపర్టీ ట్యాక్స్‌కి పరిమితి పెడతాను, ఇన్‌కమ్ ట్యాక్స్ తగ్గిస్తాను, స్కూళ్ళకి నిధులు పంచే ఫార్ములా మారుస్తాను అంటున్నారు. 2021లో గవర్నర్ మర్ఫీ చేతిలో మూడు శాతం తేడాతోనే ఓడిపోయారు, అప్పుడూ ఇదే మాట. డెమోక్రాట్ మికీ షెరిల్ ఎక్కువగా కరెంటు బిల్లుల గురించి మాట్లాడుతున్నారు, గెలవగానే ఎమర్జెన్సీ ప్రకటించి రేట్లు ఆపేస్తానంటున్నారు. జూన్ నుంచి కరెంటు బిల్లు కూడా ఎంత పెరిగిందో ఇక్కడున్న అందరికీ తెలుసు.

నేను ఏ పార్టీ మనిషినీ కాదు. నా ప్రశ్న ఒక్కటే: గవర్నర్ అనే మనిషి తలుచుకుంటే నా 12,460లో ఎంత తగ్గించగలరు? ఇంతకుముందు ఎవరైనా ఇలాగే చెప్పి గెలిచి చేసి చూపించారా? పార్టీల గొడవ వద్దు, తెలిసినవాళ్ళు చెప్పండి.

జెర్సీలో_1989_నుంచి

తమ్ముడూ, ముందుగా సిటిజన్ అయినందుకు శుభాకాంక్షలు. నీ రెండో ప్రశ్నకి నేను జవాబు చెప్పగలను, ఎందుకంటే అదంతా నా కళ్ళ ముందే జరిగింది.

1990లో జిమ్ ఫ్లోరియో కొత్తగా గవర్నర్ అయ్యారు. బడ్జెట్‌లో పెద్ద లోటు, పేద ఊళ్ళ స్కూళ్ళకి డబ్బు ఇవ్వాల్సిన పరిస్థితి, అవన్నీ నిజమే. ఒకేసారి 2.8 బిలియన్ డాలర్ల పన్నులు పెంచారు. సేల్స్ ట్యాక్స్ 6 నుంచి 7 శాతం చేసి, అప్పటిదాకా పన్ను లేని టాయిలెట్ పేపర్ మీద కూడా వేశారు. జనానికి కోపం ఎక్కింది అక్కడే. రాజధాని ట్రెంటన్‌లో స్టేట్‌హౌస్ ముందు వేలమంది చేరారు, టాయిలెట్ పేపర్ చుట్టలు పట్టుకుని. మా ఆఫీస్ పార్కింగ్‌లో ఏ కారు వెనక చూసినా 'డంప్ ఫ్లోరియో' స్టిక్కరే. అమెరికన్లకి ఇంత కోపం వస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

1993లో క్రిస్టీన్ టాడ్ విట్‌మన్ నిలబడ్డారు. ఇన్‌కమ్ ట్యాక్స్ మూడేళ్ళలో 30 శాతం తగ్గిస్తానన్నారు. ఎవరూ నమ్మలేదు, ఓట్ల కోసం చెప్తోంది అన్నారు, సర్వేల్లో వెనకబడే ఉంది, చివరికి 26 వేల ఓట్లతో గెలిచింది. గెలిచాక మాట నిలబెట్టుకుంది కూడా. 1994లో మొదటి కోత, 1996 జనవరికల్లా మొత్తం పూర్తి, అంటే చెప్పిన గడువుకి ఏడాది ముందే. పైన ఎక్కువ సంపాదించేవాళ్ళకి కోత శాతం తక్కువ, మాలాంటి వాళ్ళకి పూర్తిగా 30. నేను ఆ రోజుల్లో ఆమె మీద గౌరవంతో ఉన్నాను, ఇప్పటికీ ఆ విషయంలో ఉంది.

ఇక నా ఇంటి లెక్క. అప్పట్లో నా జీతానికి ఆ 30 శాతం అంటే నెలకు ఇరవై డాలర్లు మిగిలింది. ప్రాపర్టీ ట్యాక్స్ మాత్రం అదే నాలుగైదేళ్ళలో 3,900 నుంచి 4,700 అయింది. ఈ చేత్తో రెండువందల నలభై ఇచ్చి ఆ చేత్తో ఎనిమిది వందలు తీసుకున్నారన్నమాట, కాకపోతే ఇచ్చింది ట్రెంటన్, తీసుకున్నది మా ఊరు, కాబట్టి ఎవరిని అడగాలో తెలియలేదు. తగ్గిన ఆదాయం సర్దుకోవడానికి ఉద్యోగుల పెన్షన్ నిధికి కట్టాల్సింది తగ్గించారు, 1997లో 2.75 బిలియన్లు బాండ్ల రూపంలో అప్పు తెచ్చి పెన్షన్‌లో వేశారు. ఆ లోటు తర్వాత వచ్చిన ప్రతి గవర్నర్ మెడకీ చుట్టుకుంది, రెండు పార్టీల వాళ్ళూ కట్టకుండా దాటేస్తూ వచ్చారు. 1996 తర్వాత పెన్షన్‌కి కట్టాల్సింది పూర్తిగా కట్టిన మొదటి బడ్జెట్ 2022దే.

అదే విట్‌మన్ 1997లో మళ్ళీ నిలబడితే డెమోక్రాట్ మెక్‌గ్రీవీ మీద ఒక్క శాతం తేడాతో బయటపడింది. ఆ ఎన్నికలో జనం అడిగింది ఏమిటో తెలుసా, ప్రాపర్టీ ట్యాక్స్, కారు ఇన్సూరెన్స్. పన్ను తగ్గించిన మనిషిని పన్ను గురించే నిలదీశారు. అందుకే నా సలహా, "తగ్గిస్తాను" అన్న మాట దగ్గర ఆగకు. ఏ పన్ను, ఆ చోట డబ్బు ఎక్కడి నుంచి, ఈ రెండూ అడుగు.

సీపీఏ_లత

అన్నయ్య గారు చరిత్ర చెప్పారు, నేను బిల్లు గురించి చెప్తాను. ఏటా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మన తెలుగువాళ్ళ రిటర్నులే వందల్లో చేస్తాను, ఈ ప్రశ్న ప్రతి ఇంట్లో వింటాను.

శ్రీమతి గారిని పిలిచి ఆ బిల్లు ఇద్దరూ కలిసి డైనింగ్ టేబుల్ మీద పెట్టి చూడండి. చాలామంది మొత్తం అంకె చూసి చెక్కు రాసేస్తారు, కింద ఏముందో చదవరు. అందులో కౌంటీకి ఎంత, స్కూలుకి ఎంత, టౌన్‌షిప్‌కి ఎంత అని విడివిడిగా ఉంటుంది. న్యూజెర్సీ మొత్తం మీద సగానికి పైగా స్కూళ్ళకే పోతుంది. మరి స్టేట్‌కి ఎంత పోతుంది? ఏమీ లేదు. ప్రాపర్టీ ట్యాక్స్ స్టేట్ వసూలు చేసే పన్ను కాదు. గవర్నర్ సంతకంతో మీ 12,460 మారదు. దాన్ని నిర్ణయించేది మీ స్కూల్ బోర్డు, టౌన్‌షిప్ కౌన్సిల్, కౌంటీ కమిషనర్లు.

అలాగని గవర్నర్‌కి సంబంధం లేదనకండి. బిల్లులో ఇంకో చోట, లోకల్ పన్ను భారం తగ్గించడానికి స్టేట్ నుంచి వచ్చిన సహాయం ఇంత అని ఒక లెక్క వేసి ఉంటుంది. గవర్నర్ చెయ్యి పడేది అక్కడ. ఈ ఏడాది స్టేట్ బడ్జెట్ 58.8 బిలియన్లు, అందులో 12 బిలియన్లకు పైగా స్కూళ్ళకి ఫార్ములా ప్రకారం పంచే సహాయం, ఇంకో 7 బిలియన్లకు పైగా పెన్షన్లకి. ఆ స్కూల్ సహాయం ఎక్కడి నుంచి వస్తుంది? మన స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ నుంచి. 1976కి ముందు న్యూజెర్సీలో ఇన్‌కమ్ ట్యాక్సే లేదు. స్కూళ్ళన్నీ ప్రాపర్టీ ట్యాక్స్ మీదే నడవడం రాజ్యాంగ విరుద్ధమని కోర్టు చెప్పింది, డబ్బు సంగతి తేల్చలేదని ఆ జూలైలో స్కూళ్ళు మూయించింది కూడా, అప్పుడు గవర్నర్ బ్రెండన్ బర్న్ హయాంలో ఇది వచ్చింది. ఇన్‌కమ్ ట్యాక్స్ ద్వారా వచ్చే ప్రతి డాలరూ ప్రాపర్టీ ట్యాక్స్ భారం తగ్గించడానికే వాడాలని స్టేట్ రాజ్యాంగంలో రాసుకున్నారు.

ఇప్పుడు ఆలోచించండి. ఇన్‌కమ్ ట్యాక్స్ తగ్గిస్తాను, ప్రాపర్టీ ట్యాక్స్ కూడా తగ్గిస్తాను అని ఒకే నోటితో చెప్పినప్పుడు, మొదటిది చేస్తే రెండోదానికి ఉన్న డబ్బే తగ్గుతుంది. ఖర్చు ఎక్కడ కోస్తారో అంకెలతో చెప్పినప్పుడే అది ప్రణాళిక. ఫార్ములా మారుస్తాననేది మాత్రం వేరే సంగతి, అది నిజంగా పని చేసే మీట. మీలాంటి సబర్బన్ టౌన్‌కి సహాయం పెరిగితే మీ పన్ను తగ్గొచ్చు, కానీ అదే డబ్బు నెవార్క్, కామ్డెన్, పాటర్సన్ లాంటి పేద ఊళ్ళ పిల్లల దగ్గర తగ్గాలి, అక్కడి నుంచి కేసు మళ్ళీ కోర్టుకి వెళ్తుంది. దశాబ్దాలుగా జరుగుతున్నది అదే.

పరిమితి గురించి కూడా చెప్పాలి. అప్పటి గవర్నర్ క్రిస్ క్రిస్టీ 2010లో ఏటా 2 శాతానికి మించి పెంచకూడదనే క్యాప్ చట్టం తెచ్చారు, ఇప్పటికీ ఉంది. నా అభిప్రాయంలో ఇన్నేళ్ళలో నిజంగా ఉపయోగపడింది అదొక్కటే. ఆ క్యాప్ మీ ఇంటికి కాదు, టౌన్ మొత్తం వసూలు చేసే సొమ్ముకి. హెల్త్ ఇన్సూరెన్స్, పెన్షన్, పాత అప్పులు అంటూ మినహాయింపులు ఉన్నాయి. అందుకే స్టేట్ సగటు బిల్లు 2023లో 9,803, 2024లో 10,095 అయింది. ఆగలేదు, వేగం తగ్గింది.

ఇంకొకటి, ఇది మీ జేబుకి ఇప్పుడే సంబంధించింది. ఫెడరల్ రిటర్నులో స్టేట్, లోకల్ పన్నుల మినహాయింపు 2018 నుంచి పదివేలకే ఆపేశారు కదా, ఈ జూలైలో వచ్చిన చట్టంతో 2025కి అది 40,000 అయింది, ఆదాయం ఐదు లక్షలు దాటితే తగ్గుతూ వస్తుంది. ఇద్దరూ ఉద్యోగం చేసే మన ఇళ్ళకి ఇది పెద్ద ఊరట. ఆదాయం రెండున్నర లక్షల లోపు ఉన్నవాళ్ళు యాంకర్ (ప్రాపర్టీ ట్యాక్స్ భారం తగ్గించడానికి స్టేట్ డబ్బు ఇచ్చే పథకం) కోసం దరఖాస్తు మర్చిపోకండి, లక్షన్నర లోపైతే 1,500 వస్తుంది.

ఓవర్‌లాండ్_పార్క్_రవి

న్యూజెర్సీ చర్చలో దూరుతున్నాను, మన్నించండి. నేను కాన్సస్‌లో ఉంటాను, ఇలాంటిది మేం పూర్తిగా అనుభవించాం.

గవర్నర్ శామ్ బ్రౌన్‌బ్యాక్ 2012లో సంతకం పెట్టిన చట్టంతో స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ పై రేటు 6.45 శాతం నుంచి 4.9కి తగ్గింది. అసలు సంగతి అది కాదు, ఎల్‌ఎల్‌సీ (సొంత పేరున పెట్టుకునే చిన్న కంపెనీ) లాంటి వ్యాపారాల ఆదాయానికి స్టేట్ పన్ను పూర్తిగా తీసేశారు. కాంట్రాక్టు పని చేసే మనవాళ్ళు చాలామంది ఇక్కడ ఎల్‌ఎల్‌సీ పెట్టుకుని ఉన్నారు. ఒకే ప్రాజెక్టులో ఒకే పని, పక్క సీట్లో ఉన్న నేను జీతం మీద ఉన్నాను కాబట్టి పన్ను కట్టాలి, ఎల్‌ఎల్‌సీ ఉన్న నా స్నేహితుడికి సున్నా. అతని తప్పేం లేదు, చట్టం అలా రాశారు. మూడు లక్షలకు పైగా వ్యాపారాలు ఆ మినహాయింపు వాడుకున్నాయి.

వ్యాపారాలు పొంగిపోయి ఆ లోటు దానికదే పూడిపోతుందన్నారు. పూడలేదు. రోడ్ల నిధి నుంచి తీశారు, స్టేట్ క్రెడిట్ రేటింగ్ తగ్గింది, 2015లో డబ్బుల్లేక కొన్ని ఊళ్ళ స్కూళ్ళు సెలవులు ముందే ఇచ్చేశాయి. అదే ఏడాది సేల్స్ ట్యాక్స్ 6.15 నుంచి 6.5కి పెంచారు, అది బియ్యం, పాలు, కూరగాయల మీద కూడా. మా చిన్నవాడు అప్పుడు డబ్బా పాలు తాగే వయసు, ఆ రసీదు మీద పన్ను గీత చూసినప్పుడల్లా నా పక్క సీటు గుర్తొచ్చేది. చివరికి 2017 జూన్‌లో ఆయన సొంత పార్టీ వాళ్ళే డెమోక్రాట్లతో కలిసి, ఆయన వీటోని తోసిపుచ్చి, చాలావరకు వెనక్కి తీసుకున్నారు.

పన్ను తగ్గించడం తప్పని నేననను. లోటు ఎలా పూడుస్తారో చెప్పకుండా తగ్గిస్తే ఏదో ఒక పక్క నుంచి మళ్ళీ మన దగ్గరికే వస్తుంది, అదీ తక్కువ సంపాదించేవాడి దగ్గరికి ముందుగా వస్తుంది.

కాకినాడ_టు_ఫ్రిస్కో

మాది కాకినాడ. కుర్రతనంలో పెట్రోల్ కొట్టించుకోవడానికి యానాం వెళ్ళేవాళ్ళం, అది పాండిచ్చేరి కిందకి వస్తుంది కాబట్టి వ్యాట్ తక్కువ, మన బోర్డర్ దాటితే లీటరుకి చాలా తేడా. ఒక స్టేట్ పన్ను ఎక్కువ వేస్తే జనం పక్కకి వెళ్తారనేది నాకు అక్కడే అర్థమైంది. అదే ఆలోచనతో 2019లో న్యూజెర్సీలోని ప్లెయిన్స్‌బరో నుంచి టెక్సస్ వచ్చేశాను. ఇక్కడ స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు, అది నిజమే, మొదటి జీతం చూసి సంతోషపడ్డాం. కానీ ప్రాపర్టీ ట్యాక్స్ ఇక్కడ కూడా 9,400 కడుతున్నాను, సేల్స్ ట్యాక్స్ 8.25, అక్కడ బట్టల మీద అసలు ఉండేది కాదు. 2023లో స్కూల్ పన్నుకి సంబంధించి ఇంటి విలువలో లక్ష డాలర్లు మినహాయించారు, ఇప్పుడు లక్షా నలభై వేలు చేయాలా అని మీ ఎన్నిక రోజునే మేమూ ఓటు వేస్తున్నాం. అది మాత్రం మాకు కచ్చితంగా తగ్గింది, ఎందుకంటే స్కూళ్ళకి ఆ మేరకు స్టేట్ తన ఖజానా నుంచి ఇచ్చింది. అప్పుడు స్టేట్ దగ్గర పెద్ద మిగులు ఉంది. మీ దగ్గర మిగులు ఉందా అనేది చూసుకోవాలి.

మన్రో_నర్సమ్మ

అందరూ లెక్కలు బాగా చెప్పారు, నాకు అందులో కాదనేది లేదు. అయినా నేను చిట్టరెల్లికే వేస్తాను, ఎందుకో చెప్తాను వినండి.

ఇరవయ్యేడేళ్ళు నైట్ డ్యూటీలు చేసి నర్సుగా రిటైరయ్యాను. ఆయన పోయి నాలుగేళ్ళు. ఇల్లు అప్పు ఎప్పుడో తీరింది. పన్ను 11,000 దాటింది, అంటే నా సోషల్ సెక్యూరిటీలో నెలకి తొమ్మిది వందలకు పైగా నా సొంత ఇంట్లో నేను ఉండడానికి. పెరట్లో కరివేపాకు కుండీ దగ్గర్నుంచి ఆయన పెట్టిన గులాబీల దాకా ఉన్న ఇల్లు అది. అమ్మేసి వెళ్ళిపో అని పిల్లలు అంటారు. మా వీధిలో నా వయసు వాళ్ళు నలుగురు అలాగే వెళ్ళిపోయారు.

పెద్దవాళ్ళకి సీనియర్ ఫ్రీజ్ అనే పథకం ఉంది, ముందు మొత్తం పన్ను కట్టాలి, తర్వాత పెరిగిన భాగం వెనక్కి వస్తుంది. స్టే ఎన్‌జే అని కొత్తది, పన్నులో సగం దాకా, గరిష్ఠంగా 6,500 అంటున్నారు, చెల్లింపులు వచ్చే ఏడాది మొదలవుతాయట. మంచిదే. కానీ ఇవన్నీ ఎందుకు వచ్చాయి? ప్రతి ఎన్నికలోనూ ఎవరో ఒకరు పన్ను, పన్ను అని గొంతు చించుకుంటే వచ్చాయి. 2021లో ఈయన ఓడిపోతూ కూడా తేడాని మూడు శాతం దాకా తెచ్చాడు కాబట్టే, ఆ తర్వాత అధికారంలో ఉన్నవాళ్ళు యాంకర్, స్టే ఎన్‌జే తెచ్చారని నా నమ్మకం. లత చెప్పినట్టు చేయలేకపోవచ్చు. నేను మాత్రం నా కష్టం పేరు పెట్టి చెప్పిన మనిషికే వేస్తాను.

సీపీఏ_లత

అమ్మా, మీరు చెప్పినదాంట్లో న్యాయం ఉంది, 2021లో డెమోక్రాట్లు అంత తక్కువ తేడాతో గెలవకపోతే ఆ పథకాలకి అంత డబ్బు పెట్టేవారు కాదని నేనూ అనుకుంటాను. ఒక్క విషయం, మూడు పథకాలకీ ఇప్పుడు ఒకటే దరఖాస్తు, పాస్-1 అంటారు, గడువు అక్టోబర్ 31. వేశారా? వేయకపోతే నాకు మెసేజ్ పెట్టండి, ఫోన్లోనే కూర్చుని నింపుదాం, డబ్బులేం వద్దు.

మన్రో_నర్సమ్మ

వేయలేదు తల్లీ. పెడుతున్నాను.

తెనాలి_టు_ఎడిసన్

రాత్రి ఇద్దరం కూర్చుని బిల్లు చూశాం లత గారూ. స్కూలుకి 7,600, కౌంటీకి 1,900, టౌన్‌షిప్‌కి 2,700, మిగతా లైబ్రరీ, ఓపెన్ స్పేస్. పదకొండేళ్ళుగా కడుతున్నాను, స్టేట్ సహాయం ఎంతో రాసిన ఆ గీత ఒక్కసారి కూడా చదవలేదు. పిల్లలిద్దరూ ఆ స్కూల్లోనే చదువుతున్నారు, పెద్దదానికి ఉచితంగా వయొలిన్ నేర్పింది ఆ స్కూలే. 7,600 అంకె ఇప్పుడు నాకు వేరేగా కనిపిస్తోంది, ఎక్కువే అనిపిస్తోంది, కానీ ఎక్కడికి పోతోందో తెలిసింది. మా ఆవిడ అడిగింది, ఆ స్కూల్ బోర్డు బడ్జెట్ మీటింగుకి మనం ఎప్పుడైనా వెళ్ళామా అని. వెళ్ళలేదు.

గవర్నర్ ఓటు ఇంకా తేల్చుకోలేదు. ఇద్దరు అభ్యర్థుల ప్రచార ఆఫీసులకీ ఒకే ప్రశ్న రాసి పంపాను: ఇన్‌కమ్ ట్యాక్స్ ముట్టుకుంటారా, ముట్టుకుంటే మా టౌన్‌కి వచ్చే స్టేట్ సహాయం ఎంత మారుతుంది, అంకె చెప్పండి అని. జవాబు వస్తే ఇక్కడే పెడతాను.

జెర్సీలో_1989_నుంచి

మంచి పని చేశావు తమ్ముడూ. ముందస్తు ఓటింగ్ అక్టోబర్ 25 నుంచి నవంబర్ 2 దాకా ఉంది, లైను తక్కువ ఉంటుంది. బ్యాలట్‌లో గవర్నర్‌తో ఆగకు, కిందికి చూడు, చాలా ఊళ్ళలో స్కూల్ బోర్డు ఎన్నిక కూడా అదే కాగితం మీద ఉంటుంది.

తెనాలి_టు_ఎడిసన్

చూశాను అన్నా, నమూనా బ్యాలట్ వచ్చింది. మా దగ్గర మూడు సీట్లకి ఆరుగురు ఉన్నారు. ఒకరి ఫోన్ నంబరు దొరికింది, రేపు సాయంత్రం చేస్తాను.